అందరూ లేచారని లేచాం

ఏప్రిల్ 28, ఆదివారం

ఇవాళ్టితో నిర్ణయం అయిపోయింది. అరుపుల్లేవు, ఏడుపుల్లేవు. ఉతికిన బట్టలు మడతపెడుతూ మా ఆవిడ చెప్పింది, సాక్సులకు జతలు వెతుకుతూ నేను విన్నాను. జూన్‌లో తను కొత్త ఊళ్ళో హెడ్మిస్ట్రెస్‌గా చేరుతుంది. పాప తనతో వెళ్తుంది. నేను ఇక్కడే ఉంటాను. "కొన్నాళ్ళు విడిగా ఉండి చూద్దామండీ" అంది. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళని నేను అడగలేదు. నాకేం ఇబ్బంది లేదు. ఈ ఊళ్ళో నేను చూసుకోవాల్సిన లిఫ్టులు నూట నలభై దాకా ఉన్నాయి.

పోయిన ఏడాది అన్నీ బాగున్నప్పుడు కొన్న విమానం టికెట్లు అలాగే ఉన్నాయి. విదేశంలో, సముద్రం ఒడ్డున ఆరు రోజులు. పాప క్యాలెండర్ మీద రోజులు కొట్టేసుకుంటోంది, మానేద్దామని ఎవరం అనలేం. అక్కడ మామూలుగా ఉండాలని, ఆదివారం సాయంత్రం ఇద్దరం కలిసి పాపకి చెప్పాలని ఒప్పందం. ఆ తర్వాత ఇంకా రెండు రోజులు సముద్రం ఉంటుంది కాబట్టి తేరుకుంటుందట. టీచరు కదా, ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో తనకి తెలుసు.

మే 1, బుధవారం

మామయ్యగారు దిగారు. మా బావమరిది దగ్గర ఉంటారు, ఈ ప్రయాణానికి మాతో వస్తున్నారు. ముప్పై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. చెప్పులు విప్పకముందే అడిగిన మొదటి మాట, "ఆదివారం అక్కడ ఆరాధన ఎక్కడ, అల్లుడుగారూ?" ఆదివారం చర్చికి వెళ్ళకపోతే ఆయనకి వారమంతా టికెట్ లేకుండా ప్రయాణం చేస్తున్నట్టు ఉంటుందట.

ఆయనకి మా సంగతి తెలియదు. తెలియకూడదని తను గట్టిగా చెప్పింది.

మే 3, శుక్రవారం

వచ్చి పడ్డాం. తాతకీ మనవరాలికీ ఒక గది, మాకొకటి. మా గదిలో ఒకటే మంచం. ఇద్దరం చెరో అంచున పడుకున్నాం. మధ్యలో ఇంకో సంసారం హాయిగా పడుకోవచ్చు.

హోటల్ లిఫ్టు ఆగేటప్పుడు చిన్నగా కుదుపుతోంది. బ్రేకు చూసుకోవాలి. చెబుదామంటే వీళ్ళ భాష నాకు రాదు.

మే 4, శనివారం

పొద్దంతా ఇసుకలోనే. మా పాపని ఇంట్లో లాయరమ్మ అంటాం. పదకొండేళ్ళకే ఎదుటివాణ్ణి బోనెక్కించే రకం. నీళ్ళలో ఎంత దూరం వెళ్ళొచ్చు, ఎందుకు వెళ్ళకూడదు, వెళ్ళకూడదన్నవాళ్ళు ఎప్పుడైనా వెళ్ళి చూశారా అని వాళ్ళ తాతని నిలువునా ఉతికేసింది. ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, కెరటం వచ్చినప్పుడల్లా బస్సులో కడ్డీ పట్టుకున్నట్టు గాల్లో చెయ్యెత్తారు. మా ఆవిడ పకపకా నవ్వింది. నేనూ నవ్వుదామని అటు తిరిగేసరికి ఆపేసింది.

ఎనిమిది నెలలుగా ఇంతే. ఆ రోజు నుంచి.

ఒకసారి రాసేస్తే పోతుంది. తన రొమ్ములో చిన్న గడ్డ తగిలింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఫలితం చెప్పే రోజు పక్కనుంటానని మాటిచ్చాను. సరిగ్గా ఆ పొద్దున ఫోను, ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు ఆగిపోయి ఏడుగురు ఇరుక్కున్నారని. వెళ్ళాను. వెళ్ళాలి కదా. లోపల ఒక పెద్దాయన కూడా ఉన్నాడు. తను ఆస్పత్రి వరండాలో నాలుగు గంటలు ఒక్కతే కూర్చుంది. గడ్డ మామూలుదే, భయం లేదన్నారు. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి వంటింట్లో నిలబడి ఏడుస్తోంది. "ఏమీ లేదన్నారుగా, మరింకా ఎందుకు ఏడుపు?" అన్నాను. ఓదార్చడానికే అన్నాను.

ఏడుగురు ఇరుక్కున్నారు. ఎవరో ఒకరు వెళ్ళాలి.

మే 5, ఆదివారం. సాయంత్రం, బాల్కనీలో

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు వరసగా రాస్తాను.

పొద్దున ఏడింటికే మామయ్యగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని మా తలుపు కొట్టారు. రిసెప్షన్‌లో కుర్చీ వేసుకున్న ఆయన కాగితం మీద రెండు వీధులు గీసి, చివర ఒక శిలువ గుర్తు పెట్టి ఇచ్చాడట. ఆ కాగితం ముందు, మేం వెనక. దుకాణాలు ఇంకా తెరవలేదు. ఒకావిడ మెట్లు కడుగుతూ మాకోసం బకెట్టు పక్కకి జరిపింది. లాయరమ్మ దారి పొడుగునా చెవినిల్లు కట్టుకుని పోరింది, అర్థం కాని ప్రార్థన దేవుడి లెక్కలోకి వస్తుందా అని. మామయ్యగారు ఆగి మరీ రూలు చెప్పారు. ఎదుటివాళ్ళు లేస్తే లేవాలి, కూర్చుంటే కూర్చోవాలి, కళ్ళు మూస్తే మూయాలి. భాష రాకపోతే ఏం, ఆరాధన ఆరాధనే.

చర్చి చిన్నదే. సున్నం వేసిన గోడలు, చెక్క బల్లలు, నాలుగు ఫ్యాన్లు, అందులో ఒకటి కిర్రుమంటోంది. మేం వెనక నుంచి మూడో వరసలో కూర్చున్నాం. మా ముందు ఒక లావుపాటావిడ, పక్కన బక్కపల్చటి భర్త. రూలు ప్రకారం ఆవిణ్ణే గమనిస్తూ ఉన్నాం. ఆవిడ లేస్తే నలుగురం లేచాం, కూర్చుంటే కూర్చున్నాం. ఆవిడ తుమ్మితే మామయ్యగారు రుమాలు తీశారు. పాప నోరు నొక్కుకుని నవ్వింది. చాలా బాగుంది ఆ కాసేపూ. ఎవరూ ఏమీ అడగరు, దేనికీ జవాబు చెప్పక్కర్లేదు.

ప్రసంగం అయ్యాక పాస్టరుగారు నవ్వుతూ ఏదో అన్నారు. ముందు వరసలో ఒక ముసలి జంట లేచింది. ఇంకో జంట లేచింది. మా ముందావిడ మొగుడి మోచెయ్యి పట్టుకుని లేచింది. ఇంకేముంది, మేం నలుగురం లేచాం. ఆవిడ వెనక్కి తిరిగి పాప భుజం తట్టి కూర్చోబెట్టింది. మామయ్యగారి పక్కన ఎవరైనా ఉన్నారా అని అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. కూర్చోండన్నట్టు మెల్లిగా చెయ్యి ఊపింది. ఆయన కూర్చున్నారు. మమ్మల్ని మాత్రం రమ్మంది.

ఏం జరుగుతోందని తను అడిగింది. కానుకలు ఇవ్వడానికేమో అన్నాను. జేబులోంచి నోటు కూడా తీసి పట్టుకున్నాను.

ముందుకెళ్ళి చూస్తే అన్నీ జంటలే. ఎదురెదురుగా నిలబడ్డారు. పాస్టరుగారు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చేతులు కలుపుతున్నారు. మా దగ్గరికొచ్చి నా చేతిలో నోటు చూసి, నవ్వు ఆపుకుని, దాన్ని మడిచి నా చొక్కా జేబులో పెట్టేశారు. ఖాళీ అయిన చేతిలో మా ఆవిడ చెయ్యి పెట్టారు. వెనక్కి వెళ్ళిపోదామంటే దారికి అడ్డంగా ఇంకో మూడు జంటలున్నాయి. తన వేళ్ళు చల్లగా ఉన్నాయి. ఆ చెయ్యి పట్టుకుని ఎన్నాళ్ళయిందో నాకు లెక్క లేదు.

అప్పుడు అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. భర్తలు భార్యలకి చెబుతున్నారు, నెమ్మదిగా, ఎవరి మాట వాళ్ళు. ముసలాయన చెబుతుంటే ముసలావిడ తల అడ్డంగా ఊపుతూ ఏడుస్తోంది. మేమిద్దరమే దిమ్మల్లా నిలబడ్డాం.

"ఏదో ఒకటి మాట్లాడండి. అందరూ మనల్నే చూస్తున్నారు" అంది తను, పెదాలు కదపకుండా.

ఏం మాట్లాడను? నోటికొచ్చింది ఒక్కటే. రోజూ లిఫ్టుల్లో నా చేత్తో నేను అంటించే స్టిక్కరు. వినయంగా, ప్రార్థన చదివినట్టు మొదలుపెట్టాను. తలుపులకు ఆనుకుని నిలబడరాదు. ఎనిమిది మంది కంటే ఎక్కువ ఎక్కరాదు. అగ్నిప్రమాద సమయంలో మెట్లు మాత్రమే వాడవలెను.

తను నవ్వింది. ఆపుకుందామని తల దించింది గానీ భుజాలు ఊగిపోతున్నాయి. నా చేతిలో తన చెయ్యి కూడా ఊగుతోంది. పక్కవాళ్ళు ఏడుపనుకున్నారేమో, జాలిగా చూశారు. ఎనిమిది నెలల తర్వాత నా మాటకి తను నవ్వింది. ఏం చేస్తున్నానో తెలిసేలోపే మాట బయటికొచ్చేసింది.

"ఆ రోజు నా బదులు వెళ్ళడానికి ఇంకొకడున్నాడు."

తను తలెత్తింది.

"డ్యూటీ దిగుతున్నవాడు, ఆ లిఫ్టు సంగతి నేను చూసుకుంటాను, నువ్వు ఆస్పత్రికి పో అన్నాడు. నేనే వద్దని వెళ్ళాను. నాకు భయమేసింది. వాళ్ళేం చెబుతారో నీ పక్కన కూర్చుని వినలేననిపించింది."

ఈ మాట ఇంతవరకు ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు. నిన్న రాసిన పేజీ తిప్పి చూస్తే సిగ్గేస్తోంది. ఏడుగురట, పెద్దాయనట.

తను చెయ్యి లాక్కుంటుందనుకున్నాను. లాక్కోలేదు. బిగించనూ లేదు. అలాగే ఉంచి నా ముఖంలోకి చూసింది. ఇంతలో చప్పట్లు కొట్టారు. అందరం మా బల్లల దగ్గరికి వచ్చేశాం.

బయట గుమ్మం దగ్గర పాస్టరుగారి భార్య లాయరమ్మని పట్టుకుంది. ఆవిడకి కాస్త ఇంగ్లీషు వచ్చు. అంతా విని వచ్చి మా లాయరు తీర్పు చదివినట్టు చెప్పింది. ఏడాదికోసారి చేస్తారట. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి, ఎదుటి మనిషిలో తమకి నచ్చిన గుణం ఒకటి చెప్పాలట. అంతే.

అంటే అందరూ పెళ్ళాలని మెచ్చుకుంటూ ఉంటే నేనొక్కణ్ణే నేరం ఒప్పుకున్నాను.

"ఏం మెచ్చుకున్నారు అల్లుడుగారూ మా అమ్మాయిని?" అన్నారు మామయ్యగారు హుషారుగా.

"బాగానే చెప్పారు నాన్నా" అంది తను. అని పాప టోపీ సరిచేసింది.

మధ్యాహ్నం లైట్‌హౌస్ చూడ్డానికి వెళ్ళాం. నూట ఎనభై మెట్లు, లిఫ్టు లేదు. మామయ్యగారు మెట్ల లెక్క వినగానే కిందే బల్ల మీద కూలబడ్డారు. పాప ముందు పరిగెత్తింది. గుండ్రంగా తిరిగే ఇరుకు మెట్లు, ఒకరి వెనక ఒకరు ఎక్కాలి. తను ముందు, నేను వెనక. సగం దాకా తన మడమలు తప్ప నాకేం కనిపించలేదు. ఒక కిటికీ దగ్గర ఆగింది. ఆయాసమనుకున్నాను. కోపం.

కోపమంటే మామూలు కోపం కాదు. గొంతు పెంచకుండా, కిటికీ బయటికి చూస్తూ అంతా కక్కేసింది. ఎనిమిది నెలలు ఆ ఇరుక్కున్న ఏడుగురి మీద కోపం పెట్టుకుందట. ముక్కూ మొహం తెలియనివాళ్ళని తిట్టుకుందట. వాళ్ళ ప్రాణం ముందు నా నాలుగు గంటలెంతలే అని మళ్ళీ తనని తనే తిట్టుకుందట. నేను ఆ రోజు అన్న మాట మక్కీకి మక్కీ అప్పజెప్పింది. ఏమీ లేదన్నారుగా, మరింకా ఎందుకు ఏడుపు. ఆ మాట తర్వాత నాతో ఏడవడానికి కూడా తనకి చోటు లేకుండా పోయిందట. నేను సమర్థించుకోలేదు. సమర్థించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

"తప్పు చేశాను" అన్నాను. ఇంత చిన్న మాటకి ఎనిమిది నెలలు పట్టింది నాకు.

"భయమేస్తోందని ఆ పొద్దునే చెప్పుండొచ్చు కదండీ" అంది. "ఇద్దరం కలిసి భయపడేవాళ్ళం."

పైనుంచి పాప కేకేసింది, మీరిద్దరూ ముసలైపోయారా అని. ఎక్కాం. పైన గాలికి నిలబడలేకపోయాం. సముద్రం బ్రహ్మాండంగా ఉందని పాప అంటోంది. నేను సరిగ్గా చూడలేదు. తన జుట్టు నా ముఖం మీదికి ఎగిరి వస్తోంది, పక్కకి జరగబుద్ధి కాలేదు.

కిందికి వచ్చేసరికి మామయ్యగారు బల్ల మీద ఒంటరిగా కూర్చుని ఉన్నారు. తనూ పాపా మంచినీళ్ళు కొనడానికి వెళ్ళారు. ఆయన నా వైపు చూడకుండా మొదలుపెట్టారు. పొద్దున ఆవిడ తనని కూర్చోబెట్టడం తప్పు కాదట, కానీ ఆయన దగ్గర కూడా ఒక మాట ఉందట. కాలం చేసిన మా అత్తయ్యగారు శనివారాలు సంత నుంచి ఆయన బస్సులోనే వచ్చేవారట. కండక్టరు పెళ్ళామని ఒక్కరోజూ టికెట్ మానలేదట, చిల్లర లెక్కపెట్టి ఇచ్చేవారట. "పక్కన సీటు ఖాళీగానే ఉండేది బాబూ. ఒక్కసారి కూర్చోమని అనలేదు నేను. నలుగురూ ఏమనుకుంటారో అని" అన్నారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకున్నారు. నేను ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. అల్లుడు మామ చెయ్యి పట్టుకోవడం మా ఇళ్ళలో లేదు. ఇవాళ ఎవరి చెయ్యి పట్టుకున్నా తప్పనిపించలేదు.

ఇక సాయంత్రం. అనుకున్న సాయంత్రం.

పాప ఇసుకలో గొయ్యి తవ్వుతోంది. తను పక్కన కూర్చుంది, నేను ఎదురుగా. తనే మొదలుపెట్టింది. అమ్మకి వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం వచ్చిందని, జూన్‌లో బడి మారాలని. పాప తవ్వడం ఆపలేదు. బడి ఎలా ఉంటుందని అడిగింది. స్నేహితుల సంగతి అడిగింది. తర్వాత పార పక్కన పెట్టింది.

"మరి నాన్న?"

దీనికి జవాబు మేం వారం కిందటే తయారు చేసుకున్నాం. నాన్న ఉద్యోగం ఇక్కడే కదా, సెలవులకి వస్తూ ఉంటాడు. ఇద్దరికీ కంఠతా వచ్చు. నేను తన ముఖం చూశాను. తను ఇసుక చూసింది.

"అది ఇంకా అనుకోలేదమ్మా" అంది.

లాయరమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇంకో ప్రశ్న వేస్తుందనుకున్నాను. వెయ్యలేదు. "తొందరగా అనుకోండి" అని చెప్పి, కాళ్ళు కడుక్కోవడానికి తాతని వెంటబెట్టుకుని వెళ్ళింది.

ఇద్దరమే మిగిలాం. నేను జీవితంలో దేన్నీ అడిగి తీసుకున్నవాణ్ణి కాను. పెళ్ళికి కూడా మా పెద్దవాళ్ళే అడిగారు. ఇవాళ అడిగాను.

"నేను కూడా రావచ్చా?"

"ఆలోచించాలండీ" అంది. లేచి, ఇసుక దులుపుకుంది. నాకు చెయ్యి అందించలేదు గానీ, నేను లేచేదాకా ఆగింది.

మే 6, సోమవారం

ఇంకా చెప్పలేదు.

మే 7, మంగళవారం

పాపకి నీళ్ళ మీద తేలడం నేర్పాను. వీపు కింద చెయ్యి పెట్టి, మెల్లిగా తీసేశాను. అరుస్తూనే తేలింది. తను ఒడ్డున నిలబడి ఫోటోలు తీసింది. ఒకదాంట్లో నేను మాత్రమే ఉన్నాను.

ఇంకా చెప్పలేదు. నేను అడగలేదు. తొందరపెట్టకూడదని అడగలేదు. లేదు, అబద్ధం. భయం కూడా ఉంది.

మే 8, బుధవారం

విమానంలో కిటికీ సీటు కోసం తాతా మనవరాలూ కొట్టుకున్నారు. మా ఇద్దరికీ పక్కపక్కనే వచ్చాయి. తను నిద్రపోయింది. తల వాల్చింది నా వైపు కాదు, అటువైపు. ఎక్కడ వాల్చిందో కూడా రాసుకుంటున్నాను, చూడు నా పరిస్థితి.

మే 9, గురువారం

మామయ్యగారిని మా బావమరిది ఇంటికి బస్సెక్కించాను. కిటికీలోంచి నా తల మీద చెయ్యి పెట్టి, పెదాలు కదిలించారు. ప్రార్థనే అయుంటుంది. ఆయనకి ఎంత తెలిసిందో నాకు తెలియదు.

మే 10, శుక్రవారం

తను చేరబోయే ఊళ్ళో మా కంపెనీకి ఆఫీసు ఉందేమోనని కనుక్కున్నాను. ఉంది. చిన్నది. సూపర్‌వైజరు పోస్టు లేదు, వెళ్తే మళ్ళీ పనిముట్ల సంచీ భుజానేసుకుని తిరగాల్సిందే. తనకి చెప్పకూడదనుకున్నాను, చెబితే ఒత్తిడి చేసినట్టుంటుంది.

సాయంత్రం చెప్పేశాను. దాచుకునే అలవాటు మానాలి కదా. "రమ్మని అడగడం లేదు. కనుక్కున్నానని చెబుతున్నానంతే" అన్నాను.

"ఊఁ" అంది. కాసేపయ్యాక, "మోకాలు నొప్పి కదా మీకు, సంచీ మోయగలరా?" అంది. మోస్తానన్నాను.

మే 12, ఆదివారం

మా చర్చి. అంతా అర్థమయ్యే భాషలోనే జరిగింది. ఎవరూ ఎవరి చేతులూ కలపలేదు. పాటప్పుడు తన పుస్తకంలో పేజీ దొరకలేదు, నా పుస్తకం పంచుకుంది.

ఇంకా చెప్పలేదు.

మే 13, సోమవారం

పొద్దున నేను పాప గౌను ఇస్త్రీ చేస్తున్నాను. తను హాల్లో ఫోను మాట్లాడుతోంది. ఆ కొత్త ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చే ఆయన. తన మాటలు మాత్రమే వినిపిస్తున్నాయి. నీళ్ళు ఎప్పుడు వస్తాయి, బడికి నడిచి వెళ్ళొచ్చా, మేడ మీదా కిందా. అన్నీ హెడ్మిస్ట్రెస్ గొంతుతోనే అడిగింది.

"ఎంతమందిమా?" అంది.

నేను ఇస్త్రీపెట్టె పక్కకి ఎత్తి పట్టుకున్నాను. హాల్లోకి తొంగి చూడలేదు. చూస్తే ఏమవుతుందోనని భయం. తను ఆగింది. గోడ గడియారం వినిపించేంతసేపు ఆగింది.

"ముగ్గురమండీ. నేను, మా పాప, మా ఆయన."